గోటి మీద రంగు

ఆసుపత్రి గదిలో సిస్టర్ కరుణ, సువర్చల ఎడమ బొటనవేలి గోటి మీద ఉల్లిపొర కంటే పలచని పొర ఒకటి పరిచింది. పట్టకారుతో దాని అంచులు నొక్కుతూనే అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగేస్తోంది.

"థైరాయిడ్ ఉందామ్మా?"

"చూపించుకున్నానండి. లేదన్నారు."

"బీపీ, షుగరు?"

"లేవండి."

"మందులేవన్నా వాడుతున్నారా? ఈ రెండు నెలల్లో కొత్తగా ఏది వేసుకున్నా మాకు చెప్పాలి. తలనొప్పి మాత్రైనా సరే."

"అలాగేనండి. ఇప్పటికైతే ఏవీ లేవు."

పక్క కుర్చీలో భర్త కామేష్ ఒళ్ళో ప్లాస్టిక్ ఫోల్డరు పెట్టుకుని కూర్చున్నాడు. అందులో గుంటూరు దగ్గర రెసిడెన్షియల్ స్కూలు ఫారం ఉంది. కూతురు నిహితను తొమ్మిదో తరగతికి అక్కడ చేర్పించాలని అతని ఉద్దేశం. తల్లి సంతకం చెయ్యాల్సిన గడి ఒక్కటే ఖాళీగా మిగిలింది. ఈ గోటి పొర ఏం చెబుతుందో చూశాక సంతకం సంగతి చూద్దామని సువర్చలే గడువు అడిగింది.

డాక్టర్ షమీమ్ వచ్చి కూర్చుంది. అరవైకి దగ్గరపడిన మనిషి. కళ్ళజోడు తల మీదికి తోసి, కామేష్ వైపు చూడకుండా సువర్చలనే అడిగింది.

"నెలలో ఏ రోజుల్లో మీరు మీలా ఉంటారు?"

ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. సువర్చల మనసులో రోజులు లెక్కవేసుకుంది. "బయట చేరిన మూడో రోజు నుంచి పది పన్నెండు రోజులు బాగానే ఉంటానండి. స్కూల్లో పిల్లలకి పాఠం చెబుతూ జోకులు కూడా వేస్తాను. ఆ తర్వాత ఎవరో నా చీర కట్టుకుని నా ఇంట్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. ఆవిడకి ఎవరూ నచ్చరు. అన్నిటికంటే ఆవిడకి నేనే నచ్చను."

"పదిహేనేళ్ళుగా ఇదేనండీ," అన్నాడు కామేష్. "నెలకి ఒకసారా, రోజూనా అంటే నేనైతే రోజూ అనే చెబుతాను."

"మీరు చెప్పినా, ఆవిడ చెప్పినా, గుర్తు చేసుకుని చెప్పింది నేను రాసుకోనండీ. వెనక్కి తిరిగి చూస్తే గొడవలన్నీ ఆ వారంలోనే జరిగినట్టు ఉంటాయి. లేకపోతే ఏడాది పొడుగునా జరిగినట్టు ఉంటాయి. ఏ రోజుది ఆ రోజు చూడాలి. తక్కువలో తక్కువ రెండు నెలలు. నెలసరికి ముందు ముదిరి, వచ్చాక రెండు మూడు రోజుల్లో దిగిపోతే ఇది ఒక జబ్బు. దానికి మందుంది. అలా దిగకపోతే వేరే జబ్బు, దాని దారి వేరు."

వెనకటి రోజుల్లో ఆడవాళ్ళు ఆ రెండు నెలలూ సాయంత్రం సాయంత్రం ఒక కాగితం మీద మార్కులు వేసుకునేవారట. సగం మంది పదో రోజుకే మానేసేవారట. బాగాలేని రోజున కలం పట్టుకునే ఓపిక ఎవరికుంటుంది? అందుకే ఈ పొర, దాని మీద ఈ పరిశోధన. గోటి పదార్థంతోనే చేశారు కాబట్టి గోటికి అతుక్కుపోతుంది.

"ఒంట్లో ఊరే హార్మోన్లు అందరికీ ఒకలాగే ఎక్కుతాయి, ఒకలాగే దిగుతాయమ్మా," అంది డాక్టరు. "కొందరి మెదడు ఆ ఎక్కడం దిగడం తట్టుకోలేదు. ఆ అదురు గోటి కింది రక్తంలో కనబడుతుంది. ఈ పొర దాన్ని గంటగంటకీ మా కంప్యూటర్‌కి పంపుతుంది." తర్వాతి మాట ఇష్టం లేనట్టుగా చెప్పింది. "అదురు పెరిగేకొద్దీ రంగు కూడా మారుతుంది. తెలుపు, పసుపు, జేగురు. నేను వద్దన్నాను. ఇంట్లోవాళ్ళకి వీలుగా ఉంటుందని తయారుచేసినవాళ్ళు పెట్టారు."

కామేష్ ముందుకు వంగి భార్య బొటనవేలు చూశాడు. తెల్లగా ఉంది.

* * *

రంగు మొదటిసారి పసుపుకి తిరిగిన రోజున ఇల్లంతా నవ్వుకున్నారు. నిహిత ట్రాఫిక్ పోలీసులా చెయ్యి చాపి, "నాన్నా, పసుపు పడింది! బండి స్లో చెయ్యి," అంది. అత్తగారు రత్నమ్మ కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సువర్చలా నవ్వింది. నవ్వుతూనే కూతురి కుడి కనుబొమ్మ వైపు చూసింది. వెంట్రుకలు మొలవని సన్నటి గీత. మూడు కుట్లు.

పోయిన కార్తీకంలో, స్కూలుకి వేళవుతుంటే, తాను గోడకేసి కొట్టిన స్టీలు క్యారేజీ మూత ఎగిరి చేసిన పని అది. దేనికి కొట్టిందో ఇప్పుడు గుర్తులేదు. మర్నాడు పొద్దున నెలసరి వచ్చింది. కడిగిన అద్దంలా తల తేటబడింది. ఆ తేటలో తను చేసింది స్పష్టంగా కనబడింది. ఆ రోజు నుంచే కామేష్ హాస్టలు మాట ఎత్తాడు. తను గట్టిగా కాదనలేకపోయింది.

నాలుగు రోజులకి రంగు జేగురుకి తిరిగింది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ ఆమె ముఖం చూసి మాట్లాడడం లేదు. షిప్పింగ్ ఆఫీసు నుంచి వచ్చిన కామేష్ చెప్పులు విప్పకముందే ఆమె చేతి వైపు చూసేవాడు. నిహిత కాఫీ గ్లాసు అందుకుంటూ వేలు చూసేది. కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పాలన్నా రంగు చూసుకునేవారు.

ఒక సాయంత్రం ఆమె ఫోనుకి గుంటూరు స్కూలు నుంచి మెసేజ్ వచ్చింది. నిహిత సీటు ఖాయమైందని, యూనిఫాం కొలతలు పంపమని.

"ఏవండీ, సీటు ఎప్పుడు ఖాయం చేశారు? రిపోర్టు వచ్చేదాకా ఆగుదామనుకున్నాం కదా?"

కామేష్ ఆమె చెయ్యి చూశాడు. "ఇప్పుడు కాదు సువర్చలా. అది తెల్లబడ్డాక మాట్లాడుకుందాం."

"రంగుకీ దీనికీ సంబంధం ఏమిటి? నేను అడిగిందానికి చెప్పండి."

"చూడు, గొంతు ఎలా పెరుగుతోందో."

పెరిగిన మాట నిజమే. ఆమె వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో నిలబడింది. నెలసరి వచ్చిన మూడో రోజు తెల్లవారేసరికి గోరు పాలవిరుగులా తెల్లగా ఉంది. మంచం మీద కూర్చుని ఆ వేలిని చాలాసేపు చూసుకుంది. పదిహేనేళ్ళుగా చెడ్డదాన్ననుకున్న తన పక్షాన ఎవరో మొదటిసారి సాక్ష్యం చెప్పినట్టు ఏడుపొచ్చింది. ఆ ధైర్యంతోనే ఆ రోజు కాఫీ ఇస్తూ మళ్ళీ అడిగింది.

"తెల్లబడింది. ఇప్పుడు చెప్పండి, నాకు చెప్పకుండా సీటు ఎందుకు ఖాయం చేశారు?"

"అయిపోయిన సంగతి మళ్ళీ ఎందుకు తవ్వుతావు? ఇవాళ బాగున్నావు కదా, హాయిగా ఉండు," అన్నాడు కామేష్.

అతను చెడ్డవాడు కాడు. అలిసిపోయాడు. ఇంట్లో అందరూ అలిసిపోయే ఉన్నారు.

* * *

రెండో నెలలో రత్నమ్మకి డెబ్బయ్యో ఏడు వచ్చింది. అన్నవరం కొండ మీద సత్యనారాయణ వ్రతం చేయించుకోవాలని ఆవిడ కోరిక. కొడుకూ కోడలూ పీటల మీద కూర్చోవాలి. వంటింటి గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి, వేళ్ళతో రోజులు లెక్కపెట్టి, ఆవిడ దేవుడి అలమరలోంచి కర్పూరం పొట్లం పక్కనున్న బిళ్ళల అట్ట తీసింది.

"అమ్మాయ్, ఏకాదశి నుంచి మొదలెట్టు. పున్నమికి వ్రతం. మీ ఆడపడుచు వచ్చి వెళ్ళేదాకా మానకు. మళ్ళీ మధ్యలో బయట చేరావంటే కొండ మీద బస్సు దిగే యోగం కూడా ఉండదు."

సువర్చల ఆ ఇంటికొచ్చినప్పటి నుంచీ వేసుకుంటున్న బిళ్ళలే. ఆడపడుచు సీమంతానికి, గృహప్రవేశానికి, రెండుసార్లు తిరుపతికి. హారతి పళ్ళెంతో పాటు అందుకుంది. హారతి పళ్ళేన్ని మందని ఎవరనుకుంటారు?

వ్రతం బాగా జరిగింది. ప్రసాదం ఆకులో పెట్టి పంచుతుంటే ఆడపడుచు ఆమె చెయ్యి చూసి, "ఇదేమిటి వదినా, గోరింటాకు ఒక్క గోటికే పెట్టుకున్నావు?" అని అడిగింది. జేగురు అప్పటికి పదిరోజులుగా దిగలేదు. ఇంకా పది రోజులకి గానీ దిగలేదు. ఈసారి బాగాలేనితనానికి అంచు లేదు. స్కూల్లో హాజరు పిలుస్తూ ఒక పేరు దగ్గర ఆగిపోయి, ఆ పిల్ల "ప్రెజెంట్ టీచర్" అని నాలుగుసార్లు అంటుంటే వింటూ కూర్చుంది. ఇంట్లో గిన్నెలు విసరలేదు. విసరడానికి కూడా ఓపిక ఉండాలి.

* * *

"నేననుకున్నట్టు రాలేదమ్మా," అంది డాక్టర్ షమీమ్, తెర మీది గీతలు చూస్తూ.

మొదటి నెల గీత కొండలా ఎక్కి టక్కున దిగింది. రెండో నెలది ఎక్కి, పీఠభూమిలా సాగి సాగి ఎప్పటికో జారింది. కింద కంప్యూటర్ తన తీర్పు రాసింది: నెలసరితో సంబంధం నిర్ధారణ కాలేదు, దీర్ఘకాలపు కుంగుబాటు కావచ్చు, ఈ పరిశోధన నుంచి మినహాయించడమైనది.

"రెండు నెలలూ కలవాలి. ఒక్కటి కలిస్తే లెక్కలోకి రాదు. నాకు ఇందులో ఏదో అతకడం లేదు. కానీ నియమం నియమమే." ఆవిడ ఒక మాత్ర పేరు రాసిచ్చింది. "ఇది రోజూ వాడండి. నెల తర్వాత రండి."

"అంటే రోజూ ఉండేదే అన్నమాట," అన్నాడు కామేష్. గొంతులో గెలిచినట్టేమీ లేదు. ఆటోలో ఫోల్డరు ఆమె ఒళ్ళో పెట్టాడు. "దాని చదువు గురించే సువర్చలా. పన్నెండో తారీకున చేర్చాలి. సంతకం పెట్టు."

ఆమె ఫారం తెరిచింది. తల్లి సంతకం అన్న గడి పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు పెట్టి ఉంది, వెతుక్కునే శ్రమ లేకుండా. పెట్టేద్దామనే అనుకుంది. ఆటో కుదుపులకి చెయ్యి నిలవలేదు. ఇంటికెళ్ళాక పెడతానంది.

* * *

వంటింట్లో రత్నమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కోడలి ముఖం చూసి పళ్ళెం పక్కకి జరిపింది.

"ఏవన్నారు?"

"నెలకోసారి వచ్చేది కాదన్నారు అత్తయ్యగారూ. ఎప్పుడూ ఉండేదేనట. రెండో నెల దిగలేదట."

"దిగలేదా? మరి దిగుతుందేవిటి, బిళ్ళలు వేసుకుంటే? ఆ సంగతి చెప్పేవా వాళ్ళకి?"

"ఏ బిళ్ళలు?"

"వ్రతానికి వేసుకున్నావు కదే!"

"అవి మందులేమిటండీ," అంది సువర్చల. అని, ఆ మాట తనే విని, చేతిలో నీళ్ళ గ్లాసు గట్టు మీద పెట్టేసింది. ఇద్దరూ ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. సిస్టర్ కరుణ తలనొప్పి మాత్ర గురించి కూడా అడిగింది. కర్పూరం పక్కనున్న అట్ట గురించి అడగలేదు. తనకీ తట్టలేదు.

"ఎప్పుడూ ఉండేదని ఎవరన్నారు?" రత్నమ్మకి కోపం వచ్చింది. "నాకు తెలీదా? నీకు ఒంట్లో బాగోని రోజులు ముందే చూసుకుని పొయ్యి దగ్గరికి నేను వచ్చెయ్యనూ? చారు గిన్నె నువ్వు దింపితే ఒలికిపోతుందని."

"మీకు మోకాళ్ళ నొప్పి లేనప్పుడు వంట చేస్తున్నారనుకున్నానండి."

"నా మోకాళ్ళు ఎప్పుడు నొప్పి లేకుండా ఉన్నాయి గనక!"

ఆవిడ లేచి కందిపప్పు డబ్బా పక్కకి జరిపింది. అర మీద పరిచి ఉన్న పాత క్యాలెండరు కాగితం లాగింది. తర్వాత మినప్పప్పు డబ్బా కిందది, పోపుల డబ్బా కిందది. ఏటా క్యాలెండరు అయిపోగానే విప్పి అలమర అరల్లో పరవడం ఆ ఇంటి అలవాటు. నూనె మరకలతో, పసుపు చారలతో పదకొండు ఏళ్ళు బయటికొచ్చాయి. పాలవాడు రాని రోజులకి కొక్కెం గుర్తు, గ్యాస్ సిలిండరు మార్చిన రోజుకి జి. కొన్ని తేదీల మీద సున్నా. ప్రతి సున్నాకీ ముందు వరసగా ఏడెనిమిది నిలువు గీతలు.

"సున్నా నువ్వు బయట చేరిన రోజు. పూజలకి చూసుకోవాలి కదా, అందుకు వేసేదాన్ని. గీతలు నేను వంట చేసిన రోజులు."

సున్నా తర్వాత రెండో రోజుకే గీతలు ఆగిపోతున్నాయి. ఏ నెల చూసినా అంతే. పదకొండు ఏళ్ళూ అంతే. కొన్ని నెలల్లో మాత్రం గీతలు పన్నెండుకీ, పధ్నాలుగుకీ సాగి ఆ తర్వాతే సున్నా పడింది. ఆ నెలల్లో సీమంతం ఉంది, గృహప్రవేశం ఉంది, తిరుపతి ఉంది.

"ఇన్నేళ్ళూ ఒక్క మాటైనా చెప్పలేదేమండీ?"

రత్నమ్మ చిక్కుడుకాయల ముందు మళ్ళీ కూర్చుంది. "ఏవని చెప్పను? నాకూ ఉండేది. మా అత్తగారు దెయ్యం పట్టిందని వేపమండలు కొట్టించింది. నేను నీ జోలికి రాకుండా వంట చేసేసేను. అంతకంటే నాకేం తెలుసు?"

* * *

నూనె మరకల కాగితాలు బల్ల మీద పరుచుకుని డాక్టర్ షమీమ్ నెల తర్వాత నెల చూసుకుంటూ పోయింది. జీలకర్ర వాసన గదంతా నిండింది. పండగ నెలల దగ్గర వేలు పెట్టి ఆగింది.

"ఈ నెలల్లో బిళ్ళలు వేసుకున్నారు."

"అవునండి."

"మేం మందులా అని అడిగాం. మీరు లేవన్నారు. ప్రశ్నల కాగితం రాసినవాళ్ళకి వ్రతాలు తెలీవు. నాకు తెలుసు, మా ఇంట్లో హజ్‌కి వెళ్ళేవాళ్ళూ వేసుకుంటారు. అయినా నేనూ అడగలేదు." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "కరుణా, ఇంతవరకూ కాదని పంపేసినవాళ్ళు ఎంతమంది?"

"నలభై ఒక్కరు మేడమ్."

"అందరికీ ఫోన్ చెయ్యి. మందులా అనకు. పండగలకి, పెళ్ళిళ్ళకి వెనక్కి జరుపుకునే బిళ్ళలేమైనా వేసుకున్నారా అని అడుగు."

కరుణ రిజిస్టరు తీసుకుని బయటికి వెళ్ళింది. ఆ నలభై ఒక్కరిలో ఎంతమంది ఎక్కడ సంతకాలు పెట్టేశారో అనుకుంది సువర్చల.

"ఈ క్యాలెండర్లు చూస్తే నాకు అనుమానం లేదు," అంది డాక్టరు. "కానీ వీటిని పట్టుకుని జబ్బు పేరు రాయలేను. ఇది మీ అత్తగారు మిమ్మల్ని చూసిన చూపు. మీరు మిమ్మల్ని చూసుకున్నది కాదు. మళ్ళీ రెండు నెలలమ్మా. ఆ బిళ్ళలు లేకుండా, నేను రాసిచ్చిన మాత్ర కూడా లేకుండా. పొర ఉంచండి, దాంతో పాటు ఈ కాగితం కూడా. రోజూ సాయంత్రం మీ చేత్తో మార్కులు వేయాలి. కోపం, దిగులు, నిద్ర, అలసట, అన్నిటికీ ఒకటి నుంచి ఆరు దాకా."

మళ్ళీ రెండు నెలలా అనుకుంది సువర్చల. కాగితాల కట్ట సంచీలో పెట్టుకుంది.

"ఆ రంగు తీసెయ్యలేరా డాక్టరుగారూ? ఇంట్లో నాతో ఎవరూ మాట్లాడడం లేదు. దాంతోనే మాట్లాడుతున్నారు."

"తీసే వీలు లేదు. పైన ఏదైనా పూసుకుంటే పొర పనికి అడ్డం లేదు. అది కిందనుంచి చదువుతుంది."

* * *

ఆషాఢం. పన్నెండో తారీకు దాటింది. స్కూలువాళ్ళు నెలాఖరు దాకా చూస్తామన్నారు. రత్నమ్మ రుబ్బిన గోరింటాకు గిన్నె తెచ్చుకుని వరండాలో కూర్చుంది. మనవరాలికి పెట్టింది. తర్వాత కోడలి రెండు చేతులూ ఒళ్ళోకి లాక్కుని, పదివేళ్ళకీ టోపీల్లా పెట్టింది. ఎడమ బొటనవేలికి రెండుసార్లు పెట్టింది.

కడుక్కున్నాక గోళ్ళన్నీ ఒకే ఎరుపు. ఏది పొరో, ఏది గోరో ఎవరికీ తెలియదు. సువర్చలకి కూడా.

నాలుగు రోజుల తర్వాత సాయంత్రం కామేష్ ఫోల్డరు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"రేపే ఆఖరి రోజు. ఇంక నాన్చకు."

"నేను సంతకం పెట్టను. రెండు నెలలు ఆగండి. జబ్బు పేరు తెలిస్తే మందు మొదలుపెడతారు. నిహిత మన దగ్గరే చదువుకుంటుంది."

"మళ్ళీ రిపోర్టు కాదని వస్తే?"

"వస్తే దాన్ని నా నుంచి ఎలా కాపాడాలో ఇద్దరం కూర్చుని ఆలోచిద్దాం. మీరొక్కరే కాదు. సీటు ఖాయం చేసినప్పుడు నన్ను అడగలేదు. ఎందుకు అడగలేదని అడిగితే రంగు చూశారు. తెల్లబడ్డాక అడిగితే తవ్వకన్నారు. నేను ఎప్పుడు అడగాలండీ మరి?"

గొంతు పెరిగింది. తనకే తెలిసింది. కామేష్ అలవాటుగా ఆమె ఎడమచెయ్యి అందుకుని బొటనవేలు వెలుతురులోకి తిప్పాడు. ఎర్రగా ఉంది. పక్క వేలు చూశాడు. అదీ ఎర్రగానే ఉంది. కుడిచెయ్యి కూడా చూశాడు.

"ఇప్పుడు నేనేమనుకోవాలి?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు.

"నా చెయ్యి వదిలి, అడిగిందానికి చెప్పండి."

గుమ్మంలో నిహిత నిలబడింది. కనుబొమ్మ గీత మీదికి వేలు పోనిచ్చి, "నన్నూ ఎవరూ అడగలేదు నాన్నా," అంది. "నాకు అమ్మంటే ఒక్కోసారి భయం వేస్తుంది. అయినా నేను వెళ్ళను. ఆ రోజుల్లో మామ్మ గదిలో చదువుకుంటాను."

భయం అన్న మాట సువర్చలకి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కామేష్ చాలాసేపు కూతుర్ని, భార్యను చూశాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు.

"అడిగితే నువ్వు ఏడుస్తావని అడగలేదు," అన్నాడు చివరికి. "నువ్వు ఏడుస్తుంటే చూడలేక కూడా కాదు. ఆ గొడవ పడే ఓపిక లేక." ఫోల్డరు తీసుకుని బీరువా మీద పెట్టాడు. "రెండు నెలలు. ఎలాగో చూద్దాం."

అది క్షమాపణ కాదని ఇద్దరికీ తెలుసు. వంటింట్లో రత్నమ్మ కుక్కరు పెట్టిన చప్పుడైంది. ఆ రోజు ఆవిడ వంతు వచ్చిందో, ఊరికే పెట్టిందో సువర్చల లేచి క్యాలెండరు చూడలేదు. బల్ల దగ్గర కూర్చుని డాక్టరు ఇచ్చిన కాగితం తీసింది. దిగులు దగ్గర మూడు వేసింది. అలసట దగ్గర ఆరు వేసి, ఆరు కంటే ఎక్కువ లేదు కాబట్టి ఊరుకుంది. కోపం దగ్గర ఐదు వేసింది.

కలం మూత పెట్టబోయి ఆగింది. కూతురి స్కేలు తీసుకుని కాగితం చివర ఖాళీ జాగాలో ఒక గీత గీసి, కొత్త గడి చేసింది. దాని పైన కారణం అని రాసింది. కోపానికి ఎదురుగా ఆ గడిలో రాసింది: ఉంది.